నలుపు తెలుపు చిత్రానికి ఎన్ని నలుపులు?

ఉదకమండలంలోని హిందుస్థాన్ ఫొటో ఫిలిమ్స్ కర్మాగారం 1967లో ఉత్పత్తి ప్రారంభించి, 'ఇందు' పేరిట దేశంలోని స్టూడియోలకు నలుపు తెలుపు ఫిలిం, కాగితం అందించింది. కాలక్రమంలో ఖాయిలాపడిన ఆ ప్రభుత్వరంగ సంస్థ మూసివేతకు 2014లో కేంద్రం ఆమోదం తెలిపింది. డార్క్‌రూములు మూతపడినా నలుపు తెలుపు చిత్రాల అవసరం తీరలేదు. మాసిపోయిన తాతగారి ఫొటోను బాగుచేసి, పెద్దదిగా తీసి, దండ వేయడానికి పటం కట్టి ఇమ్మని అడిగేవారు నేటికీ ఉన్నారు. ఆ భారం ఇప్పుడు ఇంక్‌జెట్ ప్రింటర్ మీద పడింది.

ఆరు సిరాల ప్రింటర్లలో చాలావాటికి నలుపు ఒక్కటే ఉంటుంది. తక్కినవి సయాన్, మెజెంటా, పసుపు, మొదటి రెండింటి లేత రకాలు. బూడిద ఛాయ కావలసినచోట యంత్రం నల్లచుక్కలను దూరదూరంగా చల్లాలి, లేదా రంగులను కలపాలి. మొదటి పద్ధతిలో ముఖం మీద ఇసుక జల్లినట్లుంటుంది. రెండవ పద్ధతిలో నునుపు వస్తుంది గాని, పచ్చదనమో ఎరుపో తొంగిచూస్తుంది. ట్యూబ్‌లైటు కింద సరిగా ఉన్న చిత్రం ఎండలో రంగు మారినట్లు కనిపించేదీ ఇందువల్లనే. పైగా ఈ రంగులన్నీ ఒకే వేగంతో వెలిసిపోవు. గోడమీద కొన్నేళ్లు గడిచేసరికి తాతగారి ముఖానికి లేని రంగు వచ్చి చేరుతుంది.

దీనికి విరుగుడు బూడిదరంగు సిరాయే. 2005లో ఎప్సన్ సంస్థ 'అల్ట్రాక్రోమ్ కె3' పేరిట నలుపు, లేత నలుపు, మరీ లేత నలుపు అనే మూడు అంచెల పిగ్మెంట్ సిరాలను ప్రవేశపెట్టింది. చిత్రంలో అధికభాగం వీటితోనే పూర్తవుతుంది, రంగు సిరాల పాత్ర నామమాత్రం. ట్యాంకు ప్రింటర్లలోనూ ఎప్సన్ ఎల్8180, కెనన్ జి570 వంటివాటికి బూడిద సిరా ఉన్నది. అయితే అది డై సిరా. వెలుతురుకు పిగ్మెంట్ తట్టుకున్నంతగా డై తట్టుకోదు.

రంగులన్నీ తొలగించి, అన్ని గదులలోనూ రకరకాల బూడిద సిరాలే నింపే పద్ధతి మూడవది. అమెరికాకు చెందిన జాన్ కోన్ రూపొందించిన 'పీజోగ్రఫీ' ఈ కోవలోనిదే. వీటిలో కర్బన సిరాల మన్నిక మరీ ఎక్కువ. మన తాటాకు గ్రంథాల అక్షరాలలో రుద్దిన మసి కూడా కర్బనమే కదా! కర్బనం కాస్త గోధుమవన్నె చూపడం సహజం. కాని ఆ ప్రింటర్ ఇక రంగుల ఫొటోకు పనికిరాదు. తరచు వాడకపోతే సిరా రంధ్రాలు పూడుకుపోతాయి. పెళ్లి ఫొటోలతో బతికే చిన్న స్టూడియోకు ఇది తగిన బేరం కాదు. బూడిద సిరా గల రంగుల ప్రింటరే మేలు. ఏడాదికి నాలుగు చిత్రాలు తీసుకునేవారు యంత్రం కొనడంకంటె ల్యాబుకు ఇవ్వడమే చవక.

కాగితాన్ని బట్టి నలుపును మార్చాలి. నిగనిగలాడే కాగితానికి ఫొటో బ్లాక్, నూలు కాగితానికి మ్యాట్ బ్లాక్. ఒకదాని బదులు మరొకటి వాడితే నలుపు పాలిపోతుంది లేదా చేతికి అంటుతుంది. కూర్పు తెలియని చవకరకం రీఫిల్ సిరాతో పటం చేసి ఇవ్వడం కొనుగోలుదారుకు అన్యాయం. ముందుగా నలుపు నుండి తెలుపు వరకు మెట్లుమెట్లుగా ఉన్న పట్టీని అచ్చువేసి, ఒకరోజు ఆరనిచ్చి, కిటికీ వెలుతురులోను, దీపం కింద కూడా చూడాలి.