కారునకు కావలి: ఎఱ్ఱ దీపము చెప్పు సంగతి

పొలము పనుల ఒత్తిడిలో కారు పది పదిహేను రోజులు కొట్టములోనే నిలిచియుండును. ఒకనాటి ఉదయము మార్కెట్ యార్డుకు పోవలెనన్నచో అది స్టార్టు కాదు. లేక క్షణకాలము స్టార్టయి ఆగిపోవును. చాలమంది రైతులు డీజిలు ఫిల్టరును అనుమానించి, నలుగురిని పిలిచి బండిని తోయింతురు. అంతకుముందు డాష్‌బోర్డుపై ఒక చిన్న దీపమును చూడవలెను. కారుబొమ్మపై తాళము గాని, తాళపుచెవి బొమ్మ గాని దానిపై ఉండును. రంగు సాధారణముగా ఎఱుపు. ఇగ్నిషను వేసిన తరువాత కూడ అది మినుకుమినుకుమనుచున్నచో, కారు మీ తాళపుచెవిని గుర్తుపట్టలేదని భావము.

ఈ ఏర్పాటును ఇమ్మొబిలైజరు అందురు. తాళపుచెవి ప్లాస్టిక్కు తలలో వడ్లగింజకంటె కొంచెము పెద్దదైన చిప్పు ఒకటి దాగియుండును. దానికి సొంత బ్యాటరీ లేదు. తాళము చుట్టునున్న తీగచుట్ట నుండి వచ్చు రేడియో తరంగములే దానికి శక్తినిచ్చును. అది తన సంకేతమును తిరిగి పంపును. సంకేతము సరిపోయిననే ఇంజను కంప్యూటరు ఇంధనమును విడుచును. సరిపోనిచో దొంగ వైర్లు కలిపినను, మీరు బండిని తోసినను ఫలితమొక్కటే. రిమోటు సెల్లు అయిపోయినను చెవి త్రిప్పి నడుపు కారు స్టార్టగుటకు కారణము కూడ ఇదియే.

1986లో అమెరికాలో కార్వెట్ కారు తాళపుచెవిలో ఒక రెసిస్టరు అమర్చిరి. అందులో 15 రకములే ఉండెడివి. ఐరోపాలో 1998 అక్టోబరు నుండి కొత్త కార్లకు ఇమ్మొబిలైజరు తప్పనిసరి అయినది. ఇది లేనిచో ఏమగునో అమెరికాలోనే తేలినది. అచ్చట 2015 మోడలు హ్యుందాయ్, కియా కార్లలో 26 శాతమునకే ఇది ఉండగా, ఇతర కంపెనీల కార్లలో 96 శాతమునకు ఉండెను. 2021 తరువాత దొంగలు ఆ రెండు కంపెనీల కార్లపై విరుచుకుపడిరి.

తాళము వేసి నిలిపిన కారులో దీపము నెమ్మదిగా మినుకుమనుట దోషము కాదు, కాపలా కాయుచున్నదని గుర్తు. ఇగ్నిషను వేయగానే కొన్ని సెకండ్లు వెలిగి ఆరుటయు సహజమే. ఆరనిచో మాటిమాటికి సెల్ఫు కొట్టి బ్యాటరీని చంపరాదు. గుత్తిలో మరొక బండి తాళపుచెవి ఉన్నచో దానిని వేరు చేసి, ఇగ్నిషను ఆపి, ఒక నిమిషమాగి మరల ప్రయత్నింపవలెను. తరువాత రెండవ తాళపుచెవిని వాడి చూడవలెను. దానితో స్టార్టయినచో మొదటిదాని చిప్పు చెడినదని అనుకొనవచ్చును. రెండింటితోను కానిచో, అందులోను హెడ్‌లైట్లు మసకగా ఉన్నచో, బ్యాటరీని పరీక్షింపవలెను. బలహీనమైన బ్యాటరీతో కంప్యూటరు సరిగా పనిచేయదు. బటను నొక్కి నడుపు అనేక కార్లలో, సెల్లు అయిపోయిన రిమోటును బటనుకు ఆనించి నొక్కిన చాలును. దీపముల గుర్తులు కంపెనీకొక విధముగా ఉండును గనుక కారుతో ఇచ్చిన పుస్తకమును పారవేయరాదు.

బజారులో పళ్లు మాత్రము కోయించిన నకలు చెవి తలుపు తెరచును, ఇంజనును నడపదు. దాని చిప్పు సంకేతమును కారు కంప్యూటరులో నమోదు చేయింపవలెను. ఉన్న తాళపుచెవులన్నియు పోయినచో ఖర్చు బాగుగా పెరుగును. కారు దొంగిలింపబడినచో బీమా వారు సాధారణముగా రెండింటిని అడుగుదురు. కావున రెండవది గుత్తిలో కాక ఇంటిలో ఉండవలెను. పాతకారు కొనువారు రెండు చెవులను అడిగి తీసికొనవలెను. అమ్మినవారు ఒకటే ఇచ్చి రెండవది పోయినదన్నచో, కంపెనీ వర్కుషాపులో ఆ పోయినదాని సంకేతమును తుడిపించిన పిదపనే బండిని రాత్రివేళ వీధిలో నిలుపవలెను.