పత్తి చెక్క తిన్న గేదె, చుక్క ముట్టని మనిషి

గుంటూరు, ప్రకాశం పల్లెల్లో పాడి గేదెకు పత్తి చెక్క పెట్టడం మామూలే. అదే చెక్క లేగదూడకు పెడితే ప్రాణం మీదికి రావచ్చని తెలుసా? పత్తి గింజలో గాసిపాల్ అనే పసుపు పదార్థం ఉంటుంది. అది గుండెనూ కాలేయాన్నీ దెబ్బతీస్తుంది. ఎదిగిన గేదెకు దాని పెద్ద పొట్టే రక్ష. అక్కడ సూక్ష్మజీవులు మేతను పులియబెడుతుంటే గాసిపాల్ చాలావరకు మాంసకృత్తులకు అతుక్కుపోయి రక్తంలోకి చేరదు. లేగదూడకు ఆ పొట్ట ఇంకా తయారై ఉండదు. మితిమీరి పెడితే పెద్ద గేదెకూ ముప్పే.

మన కాలేయానికీ పొట్టలోని జీవులతో ఇలాంటి లంకె ఉంది. కాలేయానికి వెళ్లే రక్తంలో సుమారు ముప్పావు వంతు పోర్టల్ సిర ద్వారా, ప్రధానంగా పేగుల నుంచి వస్తుంది. అంటే పేగుల్లో బ్యాక్టీరియా తయారుచేసేది, మంచైనా చెడైనా, ముందుగా చేరేది కాలేయానికే.

చుక్క ముట్టని మనిషి కాలేయానికి సారా ఎలా చేరుతుంది? చైనాలో ఒక రోగి పిండిపదార్థాలు ఎక్కువగా తింటే చాలు, తాగినట్టు అయిపోయేవాడు. అతని పేగుల్లో క్లెబ్సియెల్లా న్యుమోనియే అనే బ్యాక్టీరియా ఆల్కహాల్ తయారుచేస్తోందని తేలింది. అక్కడి ఫ్యాటీ లివర్ (కాలేయానికి కొవ్వు పట్టే జబ్బు) రోగులను పరీక్షిస్తే, ఆల్కహాల్ బాగా తయారుచేసే ఈ రకం సుమారు 60 శాతం మందిలో కనిపించింది. దాన్ని ఎలుకలకు ఎక్కిస్తే వాటి కాలేయాలకూ కొవ్వు పట్టింది. ఇది 2019లో వెలువడిన పరిశోధన. ‘మా వాడికి ఏ అలవాటూ లేదు, కాలేయం జబ్బేమిటి’ అని కుమిలిపోయే తల్లులకు ఈ సంగతి తప్పక చెప్పాలి.

పేగు బ్యాక్టీరియా ఒంటి బరువునూ కొవ్వునూ కూడా మార్చగలదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ మందుల కంపెనీలో పరిశోధనలకు సారథిగా ఉన్నప్పుడే అక్కడ బ్యాక్టీరియాను చంపే మందు ఆరియోమైసిన్ దొరికింది. 1948లో అది బయటికొచ్చింది, ఆ ఏడే ఆయన కన్నుమూశారు. 1950 నాటికి ఆ మందు కొద్దిగా కలిపిన మేతతో కోళ్లు త్వరగా బరువెక్కుతున్నాయని లెడర్లీ శాస్త్రవేత్తలే గమనించారు. 2004లో అమెరికాలోనే, పుట్టుకనుంచీ బ్యాక్టీరియా లేకుండా పెంచిన ఎలుకలకు మామూలు ఎలుకల పేగు బ్యాక్టీరియాను ఎక్కించారు. తిండి తగ్గినా రెండు వారాల్లో వాటి ఒంటి కొవ్వు 60 శాతం పెరిగింది.

ఇక మన మిరపకాయ. కారానికి మూలమైన క్యాప్సైసిన్ పెడితే, కొవ్వు మేత తిన్న ఎలుకల్లో పేగు గోడ గట్టిపడి, బ్యాక్టీరియా విషాలు రక్తంలోకి కారడం తగ్గిందని ప్రయోగాలు చెప్పాయి. మనుషుల్లో అంత రుజువు లేదు. ఊరగాయలో కారంతో పాటు ఉప్పూ నూనే లోపలికి పోతాయి కాబట్టి గుంటూరు సన్నాన్ని మందని నేను చెప్పను.

కల్లంలో కాయ తడిస్తే మాత్రం భయపడాలి. అస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు పట్టి అఫ్లాటాక్సిన్ చేరుతుంది. కాలేయ క్యాన్సర్‌కు దారితీసే విషమిది. యూరప్ దేశాలు కిలో ఎండుమిర్చికి మొత్తం 10 మైక్రోగ్రాములు మించనివ్వవు. కల్లంలో పట్టా పరిచి, వాన వస్తే పరుగున కప్పే రైతుదంపతులు తమకు తెలియకుండానే ఎందరి కాలేయాలనో కాపాడుతున్నారు!

సన్నగా ఉంటే ఫ్యాటీ లివర్ రాదా? పశ్చిమబెంగాల్‌లోని బీర్‌భూమ్ పల్లెల్లో చేసిన అధ్యయనం 2010లో వెలువడింది. అక్కడ ఈ జబ్బున్నవారిలో నాలుగింట మూడొంతుల మంది బీఎంఐ (ఎత్తుతో పోల్చిన బరువు సూచి) 25 లోపే. కష్టం చేసే ఒళ్లని ధీమా పడకూడదు.

బ్యాక్టీరియాను తిండితో మార్చవచ్చా? చైనాలో 200 మంది రోగులతో చేసిన పరీక్ష 2023లో వెలువడింది. చిన్నపేగుల్లో అరగని పిండిని రోజుకు 40 గ్రాములు, నాలుగు నెలలు తీసుకున్నవారి కాలేయంలో కొవ్వు బాగా తగ్గింది. బరువు తగ్గినందువల్ల వచ్చిన లాభాన్ని పక్కన పెట్టి చూసినా ఫలితం నిలిచింది. చల్లారిన అన్నంలో అలాంటి పిండి కొంత పెరుగుతుంది గానీ చద్దన్నంతో 40 గ్రాములు రావు. జొన్న సంకటి, పప్పు, చిక్కుడు, ఆకుకూరలు బ్యాక్టీరియాకు పీచును అందిస్తాయి. ఒంటి బరువు ఎక్కువున్నవారు దాన్ని 7 నుంచి 10 శాతం తగ్గించుకుంటే కాలేయంలో కొవ్వే కాదు, వాపూ తగ్గుతుంది. పేగు బ్యాక్టీరియా పేరుతో అమ్మే డబ్బా పొడుల్లో ఏదీ ఫ్యాటీ లివర్‌కు మందుగా ఇంకా అనుమతి పొందలేదు.