సీనియర్‌ను వదిలితే జట్టు బాగుపడుతుందా?

గజ్వేల్, దుబ్బాక, హుస్నాబాద్... సిద్దిపేట జిల్లాలో ఏ వైపు వెళ్లినా కబడ్డీ అంటే ప్రాణం పెట్టేవాళ్లు కనిపిస్తారు. ప్రొ కబడ్డీ లీగ్ మాట వస్తే మన తెలుగు టైటాన్స్ దగ్గరే ఆగుతుంది. టైటాన్స్ మాట వస్తే రాహుల్ చౌదరి దగ్గర ఆగుతుంది. ‘ఆయన్ని వదలకుండా ఉండాల్సింది’ అని కొందరు, ‘ఆయన పనైపోయింది, వదిలి మంచి పని చేశారు’ అని ఇంకొందరు. అమెరికాలో బాస్కెట్‌బాల్ అభిమానులు సీనియర్ ఆటగాళ్ల గురించి ఏటా పెట్టుకునే పంచాయితీ కూడా ఇదే. ఇరువర్గాలూ గట్టిగా నమ్మే కొన్ని మాటల్లో నిజం ఎంతో చూద్దాం.

అపోహ: సీనియర్ అంటే వయసైపోయినవాడు. వయసైపోతే ఆట అయిపోయినట్టే.

వాస్తవం: బిజ్నోర్ నుంచి వచ్చిన రైడర్ రాహుల్ 2014లో మొదటి సీజన్ నుంచే టైటాన్స్‌కు ఆడాడు. వరసగా ఆరు సీజన్లు ఆడి, 2019 వేలంలో తమిళ్ తలైవాస్‌కు వెళ్లేనాటికి అతని వయసు 25 ఏళ్లు. ఆ చెన్నై జట్టు అతన్ని 94 లక్షలు పెట్టి తీసుకుంది. అంటే అతన్ని సీనియర్‌ను చేసింది వయసు కాదు, అతని ఆటను అందరూ చదివేయడం.

కూతకు వెళ్లిన రైడర్‌కు ఉండేది 30 సెకన్లు. ఆ కాస్త సమయంలో కార్నర్‌లో నిలబడ్డవాడి కళ్లు రైడర్ కాళ్ల మీదే ఉంటాయి. బోనస్ గీత మీదికి ఏ కాలు ముందు వేస్తాడు, చెయ్యి చాచాక వెనక్కి తిరగడానికి ఎంతసేపు తీసుకుంటాడు, ఏ పక్కకు తిరుగుతాడు... ఆరు సీజన్ల వీడియోలు చేతిలో ఉంటే ఎదుటి కోచ్ ఇవన్నీ తన కుర్రాళ్లకు నేర్పించేస్తాడు. చీలమండ దొరకబుచ్చుకోవడానికి ఆ అరక్షణం ముందుచూపు చాలు. రైడర్ దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే.

డిఫెన్స్‌లో లెక్క తిరగబడుతుంది. అక్కడ చదివేది సీనియర్. 2022 ఫిబ్రవరిలో పట్నా పైరేట్స్‌ను 37-36తో ఓడించి కప్పు ఎత్తిన దబాంగ్ ఢిల్లీని గుర్తు చేసుకోండి. కెప్టెన్ జోగిందర్ నర్వాల్, జీవా కుమార్ ఇద్దరూ నలభైకి అటూ ఇటూ ఉన్నవాళ్లు. వాళ్లకు తోడు మంజీత్ ఛిల్లర్. ‘ముసలి జట్టు’ అన్నవాళ్ల ముందే గెలిచి చూపించారు. కానీ అదే మంజీత్, అజయ్ ఠాకూర్, రాహుల్ చౌదరి కలిసి ఆడిన 2019 తలైవాస్ పన్నెండు జట్లలో అట్టడుగున నిలిచింది. కాబట్టి ‘సీనియర్లను పెట్టుకో’, ‘సీనియర్లను తీసెయ్’ అన్న రెండు సూత్రాలూ పనికిరావు. ఏ స్థానంలో ఆడే సీనియర్, పక్కన ఎవరున్నారు అన్నదే చూడాలి.

అపోహ: ఊరికే వదిలే బదులు ట్రేడ్ చేసి లాభపడాల్సింది.

వాస్తవం: ఇది బాస్కెట్‌బాల్ నుంచి అరువు తెచ్చుకున్న మాట. అక్కడ ఆటగాణ్ణి పంపితే బదులుగా ఆటగాళ్లు వస్తారు, రాబోయే ఏళ్ల డ్రాఫ్ట్‌లో కొత్త కుర్రాళ్లను ఎంచుకునే హక్కూ వస్తుంది. 2013లో బోస్టన్ సెల్టిక్స్ తమ ఆరాధ్య ఆటగాళ్లు పాల్ పియర్స్, కెవిన్ గార్నెట్‌లను బ్రూక్లిన్‌కు పంపినప్పుడు అభిమానుల గుండె తరుక్కుపోయింది. అయితే ఆ ఒప్పందంలో దక్కిన హక్కుల వల్లే తర్వాత జేలెన్ బ్రౌన్, జేసన్ టేటమ్ ఆ జట్టుకు వచ్చారు. 2024లో కప్పు తెచ్చింది వాళ్లిద్దరే.

ప్రొ కబడ్డీలో ప్రధానంగా నడిచేది వేలం. ఆటగాణ్ణి వదిలితే చేతికి వచ్చేది అతని మీద పెట్టాల్సిన డబ్బు మాత్రమే. దానితో ఎవరిని తెచ్చుకున్నారన్నదే అసలు ప్రశ్న. పైగా వేలంలోకి వదిలినంత మాత్రాన తెగతెంపులైనట్టు కాదు. ఇతరులు పాడిన ఆఖరి ధర తామే ఇచ్చి వెనక్కి తెచ్చుకునే ఫైనల్ బిడ్ మ్యాచ్ అవకాశం ఉంది. 2018లో టైటాన్స్ రాహుల్‌ను 1.29 కోట్లకు అలాగే తిరిగి తెచ్చుకుంది.

అపోహ: పాత స్టార్ పోతే అంతకన్నా పెద్ద స్టార్‌ను తెస్తే సరి.

వాస్తవం: తెలుగు అభిమానికి అన్నిటికన్నా నొప్పి కలిగించే అధ్యాయం ఇది. 2019లో రాహుల్ వెళ్లిపోగా మరో రైడర్ సిద్ధార్థ్ దేశాయ్‌ను 1.45 కోట్లకు తెచ్చారు. అతను బాగానే ఆడాడు, జట్టు మాత్రం పదకొండో స్థానంలో ఆగింది. 2023 వేలంలో పవన్ సెహ్రావత్‌కు 2.605 కోట్లు పెట్టారు. లీగ్‌లో అప్పటికి అదే రికార్డు ధర. జట్టు మొత్తానికి ఉన్న 5 కోట్లలో సగానికి పైగా ఒక్కడికే. పవన్ ఆ సీజన్‌లో 200కు పైగా రైడ్ పాయింట్లు తెచ్చాడు. టైటాన్స్ 22 మ్యాచ్‌ల్లో గెలిచింది రెండు. అతను ఔటై బయట కూర్చున్నప్పుడు మళ్లీ లోపలికి తేవాల్సింది మిగతావాళ్లు కదా! వాళ్లకు పెట్టడానికి డబ్బేదీ?

2025లో పవన్ తలైవాస్‌కు వెళ్లాడు. విజయ్ మాలిక్ కెప్టెన్సీలో టైటాన్స్ ప్లేఆఫ్స్‌కు చేరింది.

అపోహ: వదిలేశారంటే ఆటగాడి కథ ముగిసినట్టే.

వాస్తవం: 2022 డిసెంబరులో జైపూర్ పింక్ పాంథర్స్ కప్పు గెలిచినప్పుడు రాహుల్ చౌదరి ఆ జట్టులోనే ఉన్నాడు. జోగిందర్ నర్వాల్ అయితే 2025లో కోచ్‌గా ఢిల్లీకి మళ్లీ కప్పు తెచ్చాడు.

నా మటుకు నాకు, రాహుల్‌ను వదలడం టైటాన్స్ చేసిన తప్పు కాదు. అతనికి పడ్డ ధరకన్నా ఎక్కువ పెట్టి, మళ్లీ ఒక్క రైడర్ భుజాల మీదే జట్టును మోపడం తప్పు. సంక్రాంతికి ఊరి జట్టు కట్టే తమ్ముళ్లకు ఒక్క మాట: కూతలో వేగం తగ్గిన అన్నను తాడు అవతల కూర్చోబెట్టకండి, ఒక్కసారి కార్నర్‌లో నిలబెట్టి చూడండి.