స్టెతస్కోపు సరే, టీకాల కార్డేదీ?

నీట్ ఫలితాలొచ్చి, కౌన్సెలింగు ముగిసేసరికి మా ఇచ్చోడలో పత్తి ఏరే రోజులు దగ్గర పడతాయి. బజారులో ఇద్దరాడవాళ్లు కలిస్తే ఎవరి పిల్లకు ఎక్కడ సీటొచ్చిందన్న మాటే. మా చిన్నతనంలో ఈ మాట ఇంతగా వినబడేది కాదు. డాక్టరు చదువంటే వరంగల్ కాకతీయకో, హైదరాబాద్‌లోని ఉస్మానియా, గాంధీలకో పోవాల్సిందే. 2008లో ఆదిలాబాద్‌లో రిమ్స్ వచ్చింది. తర్వాత 2022లో మంచిర్యాలలో, 2023లో నిర్మల్, ఆసిఫాబాద్‌లలో కాలేజీలు తెరిచారు. పాత ఆదిలాబాద్ జిల్లాలోనే ఇప్పుడు నాలుగు సర్కారు మెడికల్ కాలేజీలు! ఇక నర్సింగుకు, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులకు వెళ్లే ఆడపిల్లలు సరేసరి.

సీటు రాగానే ఇంట్లో హడావుడి చూడాలి. రెండు తెల్లకోట్లు, ఓ స్టెతస్కోపు, హాస్టలుకు పరుపు, బకెట్టు, మామిడికాయ తొక్కు సీసా... అన్నీ గుర్తుపెట్టుకుని సర్దుతాం. టీకాల మాట మాత్రం ఎవరికీ తట్టదు. అడిగితే, "చిన్నప్పుడే ఏయించినం గదా, మల్లిప్పుడేంది?" అంటారు. నిజమే, వేయించాం. కానీ ఏవి వేయించాం, ఎన్ని వేయించాం? ఆ కార్డు ఏ ట్రంకు పెట్టె అడుగున ఉందో, అసలు ఉందో లేదో!

ఆసుపత్రిలో అడుగుపెట్టే పిల్లకు అన్నిటికంటే ముందు కావలసింది హెపటైటిస్ బి టీకా. ఇది రక్తం ద్వారా అంటుకునే కాలేయ జబ్బు. కామెర్లనగానే మన వైపు పసరు పోయించి, పథ్యం పెడతారు. నీళ్ల వల్ల వచ్చే కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి కాబట్టి పసరుకు పేరొస్తుంది. ఈ 'బి' రకం అలా కాదు. పెద్దవాళ్లలో ఎక్కువమంది కోలుకున్నా, నూటికి అయిదుగురి దాకా ఒంట్లో అలాగే ఉండిపోతుంది. ఏళ్ల తరబడి ఏ బాధా తెలియనివ్వదు. ఆఖరికి కాలేయం గట్టిపడడమో, క్యాన్సరో. టీకా లేని మనిషికి, ఈ జబ్బున్న రోగికి పొడిచిన సూది గుచ్చుకుంటే అంటుకునే అవకాశం నూటికి ఆరు నుంచి ముప్ఫై దాకా ఉంటుంది. హెచ్ఐవీ అయితే వెయ్యికి మూడు. మనం మాత్రం హెచ్ఐవీ పేరు చెబితేనే వణుకుతాం! పైగా ఈ జబ్బున్న తల్లి నుంచి పుట్టే బిడ్డకు అంటితే, పదిమందిలో తొమ్మిదిమందికి జీవితాంతం ఉండిపోతుంది. మన ఆడపిల్ల రేపు తల్లి కావలసిన పిల్ల కదా!

టీకా మూడు మోతాదులు. మొదటిది వేయించిన నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. జబ్బకే వేయించాలి, పిరుదుకు వేస్తే సరిగా పనిచేయదు. మధ్యలో ఒకటి ఆలస్యమైతే మళ్లీ మొదటినుంచి వేయించక్కర్లేదు, మిగిలినవి వేయిస్తే చాలు. మూడోది పూర్తయిన నెల రెండు నెలలకు రక్తపరీక్ష చేయించాలి. దాన్ని యాంటీ హెచ్‌బీఎస్ టైటర్ అంటారు. పది యూనిట్లో, అంతకు మించో ఉంటేనే రక్షణ వచ్చినట్టు. పెద్దవాళ్లలో నూటికి అయిదు నుంచి పదిమందికి మూడు సూదులు పడ్డా రక్షణ రాదు, వాళ్లు రెండోసారి వేయించుకోవాలి. ఈ పరీక్ష సంగతి మనలో చాలామందికి తెలియదు. మూడు వేయించాం, అయిపోయిందనుకుంటాం.

ఇప్పుడు లెక్క వేయండి. ఆరు నెలలు, ఆపైన పరీక్షకు మరో నెలో రెండో. 2019లో ఎంబీబీఎస్ చదువు తీరు మార్చాక మొదటి సంవత్సరం నుంచే పిల్లల్ని రోగుల దగ్గరకు తీసుకెళ్తున్నారు. నర్సింగు పిల్లలకూ వార్డు పని త్వరగానే మొదలవుతుంది. కాలేజీలో చేరాక చూద్దాంలే అంటే చాలదు. నన్నడిగితే, బైపీసీ పిల్ల ఇంటర్ రెండో ఏడులో ఉన్నప్పుడే మొదటి సూది వేయించెయ్యాలి. సీటు రాకపోయినా నష్టమేమీ లేదు, టీకా ఎక్కడికీ పోదు!

చిన్నప్పుడు వేయించినవాళ్ల సంగతేమిటంటారా? సర్కారు టీకాల్లో హెపటైటిస్ బిని 2002 ప్రాంతంలో కొన్నిచోట్ల మొదలుపెట్టి, 2011 నుంచి దేశమంతటా ఇస్తున్నారు. ఇప్పుడు కాలేజీల్లో చేరుతున్న పిల్లలు ఆ మధ్యకాలంలో పుట్టినవాళ్లు. కొందరికి పడింది, కొందరికి పడలేదు. పడినవాళ్లకూ పద్దెనిమిదేళ్లకు రక్తంలో ఆ లెక్క తగ్గి కనిపించవచ్చు. పరీక్ష చేయించి, తక్కువుంటే ఒక మోతాదు వేయించి మళ్లీ చూడమంటారు డాక్టర్లు.

ఈ టీకా మన దగ్గరికి ఎలా వచ్చిందో చెప్పకుండా ఉండలేను. ఒకప్పుడు విదేశాల నుంచి వచ్చే ఈ మందు మామూలు సంసారులకు అందని ఖరీదు. వరప్రసాద్ రెడ్డి అనే ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు హైదరాబాద్‌లో తన తల్లి శాంత పేరుతో శాంతా బయోటెక్నిక్స్ స్థాపించి, 1997లో దేశంలోనే తొలిసారిగా జన్యువుల పద్ధతిలో ఈ టీకా తయారుచేయించారు. అప్పటినుంచే ధర దిగి వచ్చింది. ఒక తెలుగు తల్లి పేరుతో వచ్చిన టీకాను తెలుగు తల్లులమే మరచిపోతే ఎలా?

మిగతావి క్లుప్తంగా చెబుతాను. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలకు కలిపి ఎంఎంఆర్ రెండు మోతాదులు. తల్లి పోయడం అంటామే, ఆ చికెన్‌పాక్స్ చిన్నప్పుడు రాకపోతే దానికీ రెండు. పెద్దయ్యాక వస్తే అది చాలా బాధపెడుతుంది. ఈ రెండూ గర్భిణులు వేయించుకోకూడదు, వేయించుకున్నాక నెలపాటు గర్భం రాకుండా చూసుకోవాలి. పెళ్లయ్యాక నర్సింగు చదివే అమ్మాయిలు ఈ మాట గుర్తుంచుకోవాలి. ధనుర్వాతం, కంఠసర్పిలకు పదేళ్లకోసారి టీడీ. క్షయకు మాత్రం చిన్నప్పటి బీసీజీని నమ్ముకోలేం. వార్డులో మాస్కు తప్పదు, రెండు వారాలకు మించి దగ్గుంటే పరీక్ష తప్పదు. అమెరికా ఆసుపత్రుల్లో శిక్షణకు వెళ్లే మన పిల్లల్ని ఇవన్నీ కాగితాలతో సహా అడుగుతారు. అప్పుడు అక్కడినుంచి ఫోన్లు, ఇక్కడ పెట్టెలు బోర్లించి వెతకడాలు!

ఇక్కడ కొన్నిచోట్ల గట్టిగా అడుగుతారు, కొన్నిచోట్ల అడగరు. సూది పడకుండానే సర్టిఫికెట్ మీద ముద్ర వేయించుకునే తెలివిగలవాళ్లూ ఉన్నారు. ముద్ర చూసి వైరస్ ఆగుతుందా?

ఇంకో సంగతి. టీకాకు ముందు చేసే పరీక్షలో 'బి' ఉన్నట్టు తేలితే సీటు పోతుందని, పెళ్లి కాదని దాచిపెట్టే ఇళ్లున్నాయి. అమ్మా, అలా చేయకండి. 2018 నుంచి కేంద్రం నడుపుతున్న హెపటైటిస్ కార్యక్రమం కింద దీనికి పరీక్షలు, మందులు ఉచితం. చికిత్స తీసుకుంటూ నిక్షేపంగా చదువుకోవచ్చు. అలాగే సూది గుచ్చుకుంటే చెప్పమని ముందే ధైర్యమివ్వండి. తిడతారని దాచుకునే పిల్లలే ఎక్కువ. గుచ్చుకున్నచోట పిండకూడదు, సబ్బుతో పారే నీళ్లకింద కడుక్కుని వెంటనే పైవాళ్లకు చెప్పాలి. హెచ్ఐవీకి, హెపటైటిస్ సికి టీకాల్లేవు. హెచ్ఐవీ రాకుండా వాడే మందులు 72 గంటల్లోపే, వీలైతే రెండు గంటల్లోనే మొదలుపెట్టి 28 రోజులు వాడాలి.

అన్నట్టు, ఆసుపత్రిలో సూదులు గుచ్చుకునేది తెల్లకోటు వాళ్లకొక్కరికేనా? చెత్తసంచులెత్తే ఆయమ్మలు మన పల్లెల నుంచి వెళ్లినవాళ్లే. 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం ఆ చెత్త ముట్టుకునే ప్రతి మనిషికీ హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు ఆసుపత్రే వేయించాలి. కోవిడ్ అప్పుడు, 2021 జనవరి 16న, హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో తొలి టీకా వేసింది ఒక పారిశుద్ధ్య కార్మికురాలికే. మీ ఇంటి పక్కన ఆసుపత్రి పనికి వెళ్లే ఆమె ఉంటే ఓసారి అడిగి చూడండి, తన మూడు సూదులూ పడ్డాయేమో.