42 కొండలు, 24 గంటలు... మధ్యలో ఏం తినాలి?

వచ్చే జూన్‌లో ఒకే రోజులో 42 కొండలు ఎక్కి దిగబోతున్నా. ఈ మాట చెప్పగానే ఫ్రెండ్స్ అందరూ ఏ షూస్, ఏ వాచ్ అని అడిగారు. తెనాలి నుంచి ఫోన్లో అమ్మ మాత్రం "మరి తిండి సంగతేంట్రా?" అంది. అసలు ప్రశ్న అదే. ఆరు నెలలుగా నా బుర్ర తింటున్నదీ అదే.

నేనుండేది మాంచెస్టర్‌లో. ఇక్కడికి ఉత్తరాన లేక్ డిస్ట్రిక్ట్ అని కొండలు, సరస్సుల ప్రాంతం ఉంది. అక్కడి కొండల్ని ఫెల్స్ అంటారు. వాటి మీద గడ్డీ, బురదా, రాళ్లూ దాటుతూ పరిగెత్తడమే ఫెల్ రన్నింగ్. అందులో పెద్ద పరీక్ష బాబ్ గ్రాహమ్ రౌండ్. కెజిక్ అనే ఊళ్లో గెస్ట్‌హౌస్ నడిపే బాబ్ గ్రాహమ్ 1932 జూన్‌లో 42 శిఖరాలు చుట్టి, 23 గంటల 39 నిమిషాల్లో తిరిగొచ్చాడు. దూరం సుమారు 106 కిలోమీటర్లు. ఎక్కే ఎత్తంతా కూడితే దాదాపు 8,200 మీటర్లు. ఎవరెస్ట్ ఎత్తు 8,849 మీటర్లని గుర్తు తెచ్చుకుంటే సంగతి అర్థమవుతుంది. 2018లో కిలియన్ జోర్నెట్ దీన్ని 12 గంటల 52 నిమిషాల్లో ముగించాడు. నాలాంటి వాళ్లకి 24 గంటల్లోపు వస్తే అదే పదివేలు.

ఇది రేసు కాదు. దారిలో నీళ్ల స్టాల్స్ ఉండవు. ప్రయాణం ఐదు భాగాలు. మధ్యలో థ్రెల్‌కెల్డ్, డన్‌మెయిల్ రైజ్, వాస్‌డేల్, హానిస్టర్ దగ్గర మాత్రమే రోడ్డు తగులుతుంది. అక్కడ ఫ్రెండ్స్ కారులో వేడివేడిగా ఏదో ఒకటి పెట్టుకుని ఎదురుచూస్తారు. కొండల మీద పక్కనే పరిగెత్తే తోడును పేసర్ అంటారు. తిండి, నీళ్లు మోసేది వాళ్లే. అంటే మెనూ మొత్తం మనమే రాసుకోవాలి.

వాస్‌డేల్ దగ్గర ఏం జరుగుతుంది?

పోయినేడాది ఒక ఫ్రెండ్‌కి మూడో భాగంలో నేను పేసర్‌ని. మనిషి నాకంటే గట్టి రన్నర్. బ్యాగు నిండా తియ్యటి జెల్సే. ఇంగ్లండ్‌లోకెల్లా ఎత్తైన స్కాఫెల్ పైక్ చేరేసరికి జెల్ చూస్తేనే మొహం తిప్పేసుకున్నాడు. ఆ తర్వాత రెండు గంటలు గుక్కెడు నీళ్లు తప్ప ఏమీ దిగలేదు. వాస్‌డేల్‌లో కుర్చీలో కూర్చున్నవాడు మళ్లీ లేవలేదు. ఎదురుగా గోడలా యూబారో కొండ నిలబడి ఉంది. కాళ్లలో సత్తువ ఉంది. ఒంట్లో ఇంధనం లేదు. ఏడాది కష్టం ఆ కుర్చీలోనే ఆగిపోయింది.

లెక్క ఏంటంటే...

కండరాల్లో, కాలేయంలో మనం దాచుకున్న పిండిపదార్థం సుమారు 2,000 కేలరీలు. కొండల మీద గంటకు 400 నుంచి 500 దాకా ఖర్చవుతాయి. ఒంట్లో కొవ్వు కూడా కరుగుతుంది గానీ, నిదానంగా. ఎక్కుడు మొదలైతే పిండిపదార్థం కావాల్సిందే.

పోనీ బాగా తినేద్దామా అంటే, పేగులు ఒప్పుకోవు. గ్లూకోజ్ ఒక్కటే అయితే గంటకు 60 గ్రాముల వరకే లోపలికి తీసుకుంటాయి. పండ్లలో, పంచదారలో ఉండే ఫ్రక్టోజ్ వేరే దారిలో వెళ్తుంది కాబట్టి, రెండూ కలిపితే 90 గ్రాముల దాకా పోవచ్చు. టోల్‌గేట్‌లో రెండో లైన్ తెరిచినట్టన్నమాట. 60 గ్రాములంటే 240 కేలరీలే. ఎంత తిన్నా అప్పు మిగులుతూనే ఉంటుంది.

పైగా పరిగెత్తేటప్పుడు రక్తం కాళ్లకి మళ్లుతుంది, కడుపుకి తగ్గుతుంది. అందుకే చిక్కటి తీపి లోపలే తిష్ట వేసుకుని వికారం తెస్తుంది. 14 గంటలు తీపే తింటే నాలుకకీ మొహం మొత్తుతుంది. అందుకే నా రూల్ ఒక్కటే: కాగితం మీద కేలరీలు ఎన్నున్నా సరే, అలసిపోయిన నోటికి దిగేదే తిండి.

నా డబ్బాలో ఏముంది?

సాయంత్రం 7 గంటలకి కెజిక్‌లో బయలుదేరాలని ప్లాన్. మొదటి భాగంలో అరటిపండ్లు, మాల్ట్ లోఫ్ అనే మెత్తటి తీపి బ్రెడ్. ఒక అరటిపండులో సుమారు 25 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. ఆకలి లేకపోయినా మొదటి గంట నుంచే తినాలి.

రెండో భాగం రాత్రి. దానికి పులిహోర ముద్దలు. పోపులో నూనె తగ్గించి, మిరపకాయలు తీసేసి చేస్తున్నా. నూనె, పప్పులు నిదానంగా అరుగుతాయి. 100 గ్రాముల అన్నంలో దాదాపు 28 గ్రాముల పిండిపదార్థం, దానికి తోడు ఉప్పు, చింతపండు పులుపు. తీపితో మొద్దుబారిన నాలుక లేచి కూర్చుంటుంది. తెల్లవారుజామున డన్‌మెయిల్ దగ్గర వేడి టీ, మన పరమాన్నానికి తమ్ముడిలాంటి రైస్ పుడింగ్.

మూడో భాగంలో ఉప్పు చల్లిన ఉడకబెట్టిన బంగాళాదుంపలు, నారింజ తొనలు, జెల్లీ బేబీస్ అనే చిన్న బిళ్లలు. వాస్‌డేల్‌లో ఫ్లాస్క్ తెరిస్తే చారన్నం... మెత్తగా, జారుగా, నమలక్కర్లేకుండా. మధ్యాహ్నం హానిస్టర్ దగ్గర చల్లటి పెరుగన్నం. ఆవకాయ లేదు, అమ్మ క్షమించాలి! చివరి కొండలకి గ్యాస్ పోగొట్టిన కోక్. 330 ఎం.ఎల్. క్యాన్‌లో 35 గ్రాముల చక్కెర, కాస్త కెఫీన్.

ఇవన్నీ ఆదివారాలు ఐదేసి గంటల పరుగుల్లో తిని చూసినవే. వారాల తరబడి అలవాటు చేస్తే పేగులూ నేర్చుకుంటాయి. కొత్త తిండి ఏదైనా సరే, అసలు రోజున నో ఎంట్రీ.

నీళ్లు తక్కువైనా తంటా, ఎక్కువైనా తంటా

చెమటతో ఉప్పు పోతుంది. అప్పుడు వట్టి నీళ్లు అదేపనిగా తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది. తలనొప్పి, వాంతులు, తికమక మొదలవుతాయి. ముదిరితే ప్రాణం మీదికొస్తుంది. అందుకే దాహాన్ని బట్టి తాగాలి, గంటకింత అని బలవంతంగా కాదు. ఒక సీసాలో నీళ్లు, ఇంకో సీసాలో ఓఆర్‌ఎస్ పెట్టుకుంటున్నా. గ్లూకోజ్, సోడియం కలిసి వెళ్తే పేగు నీటిని త్వరగా పీల్చుకుంటుంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా రోగుల్ని డాక్టర్ దిలీప్ మహలనబిస్ కాపాడింది ఈ సూత్రంతోనే. వాగుల నీళ్లు చూడ్డానికి అద్దంలా ఉంటాయి గానీ, పైన గొర్రెలు తిరుగుతుంటాయి. ఫిల్టర్ ఉన్న సీసా తప్పనిసరి.

ఫ్రెండ్స్‌కి నా రిక్వెస్ట్

డబ్బా మూత మీద మూడు లైన్లు రాసి అంటించా. ఒకటి: "తింటావా?" అని అడగొద్దు, వద్దనే అంటా. రెండు చూపించి "ఏది?" అని అడగండి. రెండు: ముప్పావు గంట నేనేమీ తినకపోతే స్పీడ్ తగ్గించండి. నడుస్తూ ఒక్క జెల్లీ బేబీ అయినా, అంటే 5 గ్రాములైనా, నోట్లో పెట్టించండి. మూడు: వాంతులు ఆగకపోయినా, మాట తడబడినా ఆపేయండి, నేను ఒప్పుకోకపోయినా సరే. కొండలెక్కడికీ పోవు.