‘నైస్’ అను మాట: పూర్వోత్తరములు

ఇంటికి వచ్చిన చుట్టము కాఫీ త్రాగి ‘నైస్’ అనును. పిల్లవాడు పండుగనాడు క్రొత్త చొక్కా తొడుగుకొని ఎదుట నిలిచిన ‘నైస్’ అందుము. సంగీత కచేరి ముగిసిన పిమ్మట ‘నైస్’. ప్రక్క ఇంటి అమ్మాయి స్వభావ మెట్టిదని అడిగినను ‘నైస్’. కాఫీకి, చొక్కాకు, కచేరీకి, కన్యకు ఒక్కటే యోగ్యతాపత్రము! ఇంగ్లీషు విశేషణములలో ఇంత చవుకగా చెల్లునది మరియొకటి లేదేమో. కాని ఈ మాట పుట్టినది మెప్పులో కాదు, నిందలో. ఆ కథను, దాని స్థానమున వాడదగిన పర్యాయపదములను గూర్చి కొంచెము ముచ్చటింతము.

లాటిను భాషలో ‘స్కీరే’ అనగా ఎరుగుట. దానికి ముందు లేమిని తెలుపు ‘నె’ చేరగా ‘నెస్కియుస్’ అయినది. అనగా ఎరుగనివాడు, అజ్ఞాని. ఈ పదము ప్రాచీన ఫ్రెంచిలో రూపు మార్చుకొని, తెలివితక్కువ అను అర్థముతో సుమారు 1300 ప్రాంతమున ఇంగ్లీషులో అడుగు పెట్టినది. 14వ శతాబ్ది కవి ఛాసర్ నాట ఒకనిని ‘నైస్’ అనుట వానిని మందమతి యనుటయే. ‘సైన్సు’ అను మాటయు ఆ ‘స్కీరే’ నుండియే వచ్చినది. ఒకటి ఎరుక, మరియొకటి ఎరుగమి. రెండును ఒక తల్లి బిడ్డలే.

మరి నింద మెప్పుగా నెట్లు మారినది? మార్పు ఒక్కనాట రాలేదు. తెలివితక్కువ అను అర్థము నుండి బిడియమునకు, సున్నితత్వమునకు, అటనుండి దేనిలోనైన లోపము వెదకు చాదస్తమునకు ఆ పదము జరిగినది. చాదస్తుని కంటికి ఇతరులు చూడని చిన్న భేదములు కనబడును గదా! అందుచే సూక్ష్మము, నిశితము అను అర్థములు కలిగినవి. 1755లో జాన్సన్ పండితుడు ప్రకటించిన నిఘంటువున ఈ మాటకు మొదట చెప్పిన అర్థము అతి సూక్ష్మముగా విచారించు నేర్పు. ఇంపైనది, మనోజ్ఞమైనది అను నేటి అర్థము 18వ శతాబ్ది ఉత్తరార్ధమున గాని బలపడలేదు.

ఇట్టి యాత్ర మనకు క్రొత్త కాదు. ‘ముగ్ధ’ అను సంస్కృత పదమును చూడుడు. మోహమునకు మూలమైన ధాతువే దానికిని మూలము. దాని తొలి అర్థము దిగ్భ్రమ చెందినవాడు, వివేకము లేనివాడు. క్రమముగా అది అమాయకత్వమును, పిదప అందమును తెలిపినది. దాని తోబుట్టువైన ‘మూఢ’ మాత్రము ఉన్నచోటనే ఉండిపోయినది. ఇంగ్లీషులో ‘సిల్లీ’ అను మాట ఎదురుదారి పట్టినది. ఒకప్పుడు ధన్యుడు, సుఖి అని చెప్పిన ఆ పదము నేడు వెర్రివానికి పేరైనది. ఒకటి మెట్లెక్కినది, ఒకటి మెట్లు దిగినది.

ఇది కేవలము పండితుల వినోదము కాదు. షేక్స్పియరు రచించిన ‘రోమియో జూలియెట్’ నాటకమున రోమియోకు పంపిన లేఖ అందకపోయినదని విని లారెన్సు సన్యాసి కలతపడును. ఆ లేఖలోని విషయము అల్పమైనది కాదని చెప్పుచు, అల్పమునకు ఆయన వాడిన మాట ‘నైస్’. నేటి అర్థము పట్టుకొని చదివిన విద్యార్థి, లేఖ బాగుగ లేదని సన్యాసి విసుగుకొన్నాడని భ్రమపడును. దాని మీద రెండు నిండు ప్రాణములు ఆధారపడియున్నవను సంగతి వాని చేయి జారిపోవును. అట్లే న్యాయశాస్త్ర గ్రంథములలో ‘నైస్ పాయింట్’ అని కనబడినచో దానిని ‘మంచి అంశము’ అని తెనిగించుట ప్రమాదము. అది మిక్కిలి సూక్ష్మమైన చిక్కు అని గ్రహింపవలెను.

ఇక పర్యాయపదముల మాట. మనిషిని మెచ్చవలసిన చోట దయ గలవాడైన ‘కైండ్’, మర్యాద తెలిసినవాడైన ‘పొలైట్’ అనవలెను. భోజనము రుచించిన ‘డెలిషస్’, పిల్లగాలి వీచు సాయంకాలమైన ‘ప్లెజంట్’, దస్తూరి పొందికగా నున్న ‘నీట్’, తేడా మిక్కిలి సన్ననిదైన ‘సటిల్’, కూరలో ఆవగింజకును వంక పెట్టువాడైన ‘ఫాస్టిడియస్’. వీనిలో ఒకదాని పీటపై మరియొకటి కూర్చుండజాలదు. సాయంకాలమును రుచికరమనలేము, కూరను మర్యాదస్థురాలనలేము. ‘నైస్’ మాత్రము అన్ని పీటలపై కూర్చుండును; అందుచేతనే దానికి తనదైన పీట లేకపోయినది.

ఈ లోపమును జేన్ ఆస్టెన్ రెండు వందల ఏండ్లకు పూర్వమే కనిపెట్టినది. 1817 చివర వెలువడిన ‘నార్తాంగర్ ఆబీ’ నవలలో కథానాయిక తనకు నచ్చిన పుస్తకమును ‘నైస్’ అని మెచ్చుకొనగా, హెన్రీ టిల్నీ అను యువకుడు, నీవు మెచ్చినది దాని అట్టకూర్పును కాబోలునని పరిహసించును.

మన ఇండ్లలో ఈ పదము తెలుగైపోయి మరి రెండు వేషములు వేసినది. పిండి ‘నైసుగా’ ఆడించుమనిన మెత్తగా, సన్నగా అని అర్థము. ఒకడు ‘నైసుగా’ తప్పించుకొన్నాడనిన నేర్పుగా, ఎవరికిని తెలియకుండ జారుకొన్నాడని అర్థము. కాఫీని మెచ్చు ‘నైస్’ కంటె పిండిమరలోని ‘నైస్’ స్పష్టమైనదని మా అభిప్రాయము. గరుకు మిగిలిన పిండిని అది ఒప్పుకొనదు.

ఈ మాటను బహిష్కరింపుడని మేము చెప్పము. వాకిట నిలిచిన చుట్టమునకు అది చాలును. కాని ఉద్యోగమునకు పోవు కుర్రవానికి పెద్దలొకరు పరిచయలేఖ వ్రాసి, అందు ‘నైస్ బాయ్’ అని మాత్రమే చెప్పినచో చదివిన యజమానికి ఏమి తెలియును? వాడు నిజాయితీపరుడా, ఓర్పరియా, లెక్కలలో దిట్టయా? ఆ ఒక్క మాట వాని గుణములన్నిటిని కప్పివేసి, వానికి రావలసిన పని రాకుండ చేయవచ్చును. కావున ‘నైస్’ అని నోట వచ్చినపుడు ‘ఏ విధముగా?’ అని మనలను మనమే ప్రశ్నించుకొందము. ఆ ప్రశ్నకు వచ్చు సమాధానమే మనము వాడవలసిన పర్యాయపదము. మన ‘బాగున్నది’కిని ఈ పరీక్షయే తగును.