తులసీదాస్ బలరాం

ఫుట్‌బాల్ ఆటలో కొందరు ముందువరుసలో ఆడుతూనే వెనుకకు వచ్చి బంతి అందుకొంటారు. తోటివారికి గోలు చేసే వీలు కల్పిస్తారు. తులసీదాస్ బలరాం అట్టి ఆటగాడు.

ఆయన 1936లో సికింద్రాబాదు దగ్గరి అమ్ముగూడలో, పేద తమిళ కుటుంబంలో జన్మించాడు. హైదరాబాదులో శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం ఆయన ప్రతిభను గుర్తించాడు. శిక్షణకు వచ్చేందుకు బలరాం వద్ద డబ్బు లేదు. రహీం సైకిలు అద్దె తానే ఇచ్చి రప్పించాడు.

1956 మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానం పొందిన భారత జట్టులో బలరాం ఉన్నాడు. కలకత్తాలో ఈస్ట్ బెంగాల్ జట్టుకు ఆడి పేరు పొందాడు. 1960 రోమ్ ఒలింపిక్ క్రీడలలో హంగరీపై ఒకటి, పెరూపై ఒకటి గోలు చేశాడు. ఆ రెండు ఆటలలోనూ మన జట్టు ఓడింది. అయినా ఆటగాళ్లు కుంగిపోలేదు. 1962లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడల తుదిపోటీలో దక్షిణ కొరియాను 2-1 గోలులతో ఓడించి స్వర్ణ పతకం గెలిచారు. ఆ జట్టుకు శిక్షకుడు రహీమే. చునీ గోస్వామి, పి.కె. బెనర్జీ, బలరాం ముగ్గురూ ఆ జట్టుకు బలం. ఆ ఏడే బలరాంకు అర్జున పురస్కారం లభించింది.

మరుసటి ఏడు ఊపిరితిత్తుల పొరకు జబ్బు చేసింది. ముప్పై ఏళ్లు నిండకుండానే ఆయన ఆట మానవలసివచ్చింది. అయినా మైదానాన్ని విడువలేదు. కలకత్తాలో పిల్లలకు ఆట నేర్పాడు. 2023 ఫిబ్రవరి 16న మరణించాడు.

తాను పొందిన సాయాన్ని మరొకరికి అందించడమే గురువు ఋణం తీర్చుకొనే మార్గం.